బొట్టు పెట్టిన ఫోటో

నా భార్య చనిపోయిన వారానికి మా అన్న ఆమె ఫోటో పెద్దది చేయించి తెచ్చి, మా హాల్లో తగిలించాడు. నేను గదిలోంచి వచ్చి చూశాను. నుదుట పెద్ద బొట్టు. మెడలో కాసులపేరు. నల్లటి మనిషిని తెల్లగా చేశారు.

ఆమె ఎప్పుడూ బొట్టు పెట్టుకోలేదు. వాళ్లది బేతంచెర్ల దగ్గర పల్లె, క్రైస్తవులు. తండ్రి నాపరాయి గనిలో రాళ్లు కొట్టి కూతురిని చదివించాడు. ఆయన వస్తే మా వాళ్లు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేవాళ్లు.

"స్టూడియోవాళ్లే పెట్టినారు" అన్నాడు అన్న. "మొగుడు ఉండంగానే పోయినామె అని చెప్తే చాలు, బొట్టు, నగలు వాళ్లే పెడతారు. నలుగురూ వచ్చే ఇల్లురా."

మా ఇంట్లో ఒక బొమ్మల పుస్తకం ఉంది. వందల ఏళ్ల కిందట ఐరోపాలో ఒక చిత్రకారుడు తన భార్యను గీసిన బొమ్మ అందులో ఉంది. ఆమె పట్టు వ్యాపారి కూతురు. ఒళ్లంతా పట్టు, చెవులకు ముత్యాలు. ఒకసారి నా భార్య దాన్ని చూసి, "ఆయప్ప పెండ్లాన్ని గీసినాడా, మామ అంగడిని గీసినాడా?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ చిత్రకారుడు ఎంత పట్టు కప్పినా అది ఆమె పుట్టింటి పట్టే. ఎవరి కూతురో బొమ్మే చెబుతుంది. మా వాళ్లు నా భార్యకు మా ఇంటి ఆడవాళ్ల నగలు తొడిగి, రాళ్లు కొట్టినవాణ్ణి తుడిచేశారు. ఆమె బతికుండగా ఆ పని వాళ్ల చేత కాలేదు. ఇప్పుడు చేసి, దానికి గౌరవం అని పేరు పెట్టారు.

సాయంత్రం మా అత్త వచ్చింది. ఫోటో ముందు నిలబడి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఈమె ఎవురు నాయనా? మీ నాయనను కన్న జేజినా?"

"నీ బిడ్డే కదమ్మా. ఎంత కళగా ఉండాదో చూడు" అన్నాడు అన్న.

"నా బిడ్డ మొగానికి ఏం తక్కువయిందని?"

నేను స్టూలు వేసుకుని ఫోటో దింపాను.

"ఒరే, వచ్చినోళ్లు దండ యాడ వేయాల?"

"వేయొద్దు."

మేకు కూడా పీకేశాను. గోడ సున్నం రాలింది. అత్త ఆ గోడకు ఎదురుగా నేల మీద కూర్చుని, కూతురి పేరు పలికి ప్రార్థన మొదలుపెట్టింది. అన్న చెప్పులు వేసుకున్నాడు. ప్రార్థన ముగిసేదాకా ఉండమని నేను అడగలేదు.