ఏది కోసినా ఒకటే అన్న దర్జీ

ఎనభైల మొదట్లో నేను మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. దిగులు జబ్బుగా ముదిరినవాళ్లు చిన్న నిర్ణయం కూడా ఎందుకు తీసుకోలేరన్నది నా అంశం. సీతమ్మధారలో ఒక డాక్టరుగారి క్లినిక్‌కి వచ్చేవాళ్ల ముందు, వాళ్లు ఒప్పుకుంటే, రెండేసి బొమ్మల కార్డులు పెట్టి ఒకటి తీసుకోమనేదాన్ని. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకునేదాన్ని.

వన్ టౌన్ నుంచి ఒక సాయిబుగారు భార్యతో వచ్చేవారు. దర్జీ. మామిడిపండు, జిలేబీ బొమ్మలు ముందు పెడితే పావుగంటైనా చెయ్యెత్తలేదు.

"కొట్లోనూ ఇంతేనమ్మా," అంది భార్య. "గుడ్డ పరిసి, కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోతన్నారు."

ఆయనది తప్పు కోస్తానేమోనన్న భయమే అనుకున్నాను. ఓ శనివారం పొద్దున్న ఆ కొట్టుకే వెళ్లి, కొత్త జాకెట్టు గుడ్డ, ఆదికి పాత జాకెట్టు ఇచ్చాను.

"పాడైనా పర్లేదండీ, నేనేమీ అనుకోను."

ఆయన ముఖం ఎర్రబడింది. "ముప్పై ఏళ్లుగా కోత్తన్నాను మేడమ్. నాను ఏనాడైనా పాడు సేసేనా?"

సిగ్గేసింది. క్షమించమన్నాను. ఆయనే స్టూలు జరిపి కూర్చోమన్నారు. మెల్లగా చెప్పారు.

"భయం కాదు మేడమ్. ఇదివరకు గుడ్డ ముట్టుకుంటే, కుట్టేసాక ఎలాగుంటాదో కళ్ల ముందు కనిపించీది. సంబరంగా ఉండీది. ఇప్పుడేటీ కనిపించట్లేదు. ఏది కోసినా ఒకటే అనిపిత్తే కత్తెర ఎలా ఆడద్ది?"

తిరుగు బస్సులో నా నోట్సంతా తిరగేశాను. అన్నీ నిమిషాలే. తీసుకోబోయేది ఎలా ఉంటుందనిపిస్తోందని ఒక్కరినీ అడగలేదు. మా గైడుగారికి చెబితే, "అయితే మళ్లీ మొదలుపెట్టమ్మా," అన్నారు. ఏడాది పని పోయింది. ఎందుకో బాధనిపించలేదు.

సాయిబుగారు మందులు మానలేదు. మూడు నెలల తర్వాత క్లినిక్‌లో నా చేతికి కాగితం పొట్లం ఇచ్చారు. జాకెట్టు కుట్టేశారు!

"మెడ కాస్త పైకి పెట్టేను. మీరు సెప్పలేదు గానీ, మీకు అలాగైతే బాగుంటాదనిపించింది."

ఇలాగైతే బాగుంటుందనిపించిందన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు. పక్కన భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వుతోంది.

తర్వాత కూడా ఆయనకు చెడ్డ రోజులు వచ్చాయి. అలాంటప్పుడు ఇద్దరూ కొట్టు మూసేసి హార్బరు దాకా నడిచి వచ్చేవారట. మర్నాడు మళ్లీ తెరిచేవారు.