రంపపు పొట్టు తివాచీ

అల్ తుమామాలో మా ఇంటి కింద కొత్త దుకాణానికి చెక్కలు కోస్తున్నారు. ఆ రంపపు పొట్టు వాసనకు భయపడి కిటికీలన్నీ మూసేస్తాను, అయినా వస్తుంది, వచ్చి నన్ను ఇదే ఎడారి దేశంలోని మెసయీద్‌లో నా పదేళ్ల వయసు దగ్గర కూలేస్తుంది.

నాన్న అక్కడ కంపెనీ వర్క్‌షాపులో వడ్రంగుల ఫోర్‌మన్. క్వార్టర్స్‌లో మా పక్కింటి మార్తా ఆంటీది గ్వాటెమాలా దేశంలోని ఆంటిగ్వా, కొండల నడుమ ఊరు. జగిత్యాల, ఆ తర్వాత మెసయీద్ తప్ప మరో ఊరెరగని మా అమ్మకు ఆమె తన ఊరంతా చూపించేది. శుక్రవారం ఎండ తగ్గాక మమ్మల్ని క్వార్టర్స్ చుట్టూ తిప్పుతూ, గేటును చూపించి వీధికి అడ్డంగా కట్టిన పసుపు కమాను అని, సగం కూలిన గోడౌన్‌ను భూకంపంలో పైకప్పు పోయిన చర్చి అని, దూరాన రిఫైనరీ మంటను అగ్నిపర్వతం అని వచ్చీరాని హిందీలో చెప్పేది. చెమటలు కారుతున్నా అమ్మ చలేసినట్టు కొంగు నిండా కప్పుకునేది, నేను పగలబడి నవ్వేదాన్ని.

"ఒక్కపారన్న ఆ ఊరు చూడాలె బిడ్డా. ఎండకాలమే ఉండదట," అనేది అమ్మ. ఆ మాట అనని వారం లేదు.

ఉగాది భక్షాల వాసన ఇంట్లోంచి పోకముందే వాళ్ల ఈస్టర్ వారం వచ్చేది. ఆంటీ బెల్లం పాకంలో నానిన రొట్టెలు పంపేది, నాన్న బస్తాలతో పొట్టు తెచ్చేవాడు, అమ్మ దానికి ముగ్గు రంగులు కలిపేది, ఇద్దరూ కలిసి వరండా పొడవునా తివాచీ పరిచేవాళ్లు, ఆంటీ పక్షులు, అమ్మ తామరలు. ఆంటిగ్వాలో దేవుణ్ణి మోసేవాళ్లు అలాంటి తివాచీలు తొక్కుకుంటూనే పోతారట, అందుకే వేస్తారట. మాకు పల్లకి లేదు గనక పిల్లలం కుర్చీలో బొమ్మను పెట్టి మోసేవాళ్లం.

చివరి ఏడు అమ్మకు ఒంట్లో బాగాలేదు. గోడకానుకుని కూర్చుని చెబుతుంటే తామరలు కూడా ఆంటీయే వేసింది. అది పూర్తయిన మధ్యాహ్నమే అమ్మకు ఊపిరి అందలేదు. అంబులెన్స్ వాళ్లు ఆమెను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, గుమ్మం ముందు ఆ రంగులు చూసి ఆగిపోయారు.

"యల్లా, యల్లా!" కదలండి కదలండి అని అరిచింది ఆంటీ.

తామరల మీదుగానే తీసుకుపోయారు. ఆసుపత్రి చేరకముందే అమ్మ పోయింది. చక్రాల గీతలు పడ్డ ఆ పొట్టును ఆంటీ ఎవరినీ ఊడవనివ్వలేదు, ఎడారి గాలే కొంచెం కొంచెంగా తీసుకుపోయింది.

కాంట్రాక్టు అయిపోయి ఆంటీ వెళ్లిపోయింది, క్వార్టర్స్ పడగొట్టేశారు. మొన్న మా ఆయన సెలవులకని ఫోన్లో ఊళ్లు చూస్తుంటే పసుపు కమాను కనబడింది, దాని వెనక నిజం అగ్నిపర్వతం.

"ఈడికి పోదామా? మస్తు చల్లగుంటదట," అన్నాడు.

వద్దన్నాను. అక్కడ ఇప్పటికీ వీధుల నిండా పొట్టు తివాచీలు పరుస్తారు. వాటి మీదుగా ఎవరిని మోసుకుపోయినా నాకు మా అమ్మే కనబడుతుంది.