సారు పంపని చోటు

మా గ్రంథాలయం సారు పోయారన్న సంగతి నాకు ఎమ్మిగనూరు బస్టాండు గోడ చెప్పింది. కొత్తగా అంటించిన కాగితం మీద ఆయన ఫొటో, కింద కన్నీటి నివాళి. దాని కింద, ఆయన పేరుకంటే పెద్ద అక్షరాల్లో, ఆదోనిలో కంటి మందు అమ్మే వ్యాపారి చిరునామా. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఆ చిరునామానే రెండుసార్లు చదివాను.

ఎందుకో చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి.

పదేళ్ల కిందట నేను ఆ గ్రంథాలయంలో ఊడ్చి, పుస్తకాలు సర్దేదాన్ని. సారు ప్రతి పుస్తకం చివరి అట్టకు ఒక చీటీ అతికించేవారు. దీని తర్వాత ఫలానాది చదవండి, ఫలానా బీరువాలో ఉంది అని. మా ఊళ్లో చాలామంది ఆ చీటీల వెంట నడిచినవారే.

"ఏం సార్, సివరిదాకా సదివితే గానీ తర్వాతది యాడుందో సెప్పవా?" అని మగ్గం నేసే ఒకాయన రోజూ దెప్పేవాడు.

"ముందే చెప్తే చీటీ ఒక్కటే చదివి ఇంటికి పోతావప్పా."

తాను చదవని పుస్తకం పేరు చీటీలో రాసేవారు కాదు. "నా మాట నమ్మి మనిషి నాలుగడుగులు వేస్తాడమ్మా. తప్పుదారి అయితే ఆ పాపం నాది" అనేవారు.

ఒకనాడు సారు భోజనానికి వెళ్లినప్పుడు ఆ వ్యాపారి వచ్చి చీటీల కట్ట ఒకటి నా చేతిలో పెట్టాడు. పైన శ్రీనివాసుడి బొమ్మ, కింద అతని చిరునామా.

"దేవుని బొమ్మక్కా. కింద పారేస్తావా యేమి? పుస్తకాల్లో అతికించు, పుణ్యం."

స్వామి బొమ్మ నేల మీద పడకూడదని, ఆరోగ్యం పుస్తకాలన్నిటిలో సారు చీటీ పక్కనే అతికించాను. స్వామిని అడ్డుపెట్టుకున్న ఆ చేతుల్ని తలుచుకుంటే ఇప్పటికీ రోత. అతికించినవి నా చేతులే.

రెండు నెలలకు నందవరం నుంచి ఒకామె వచ్చింది. కుడి కన్ను తెల్లబడి ఉంది.

"మా పిల్ల మీ పుస్తకంలో సూసి సెప్పినాది సార్. మీరే పంపినారనుకొని పోయి, ఆ పొడి ఏసుకుంటి."

సారు ఆమెను తానే ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చూపు రాలేదు. నేను ఏడుస్తూ ఆ వ్యాపారి చీటీలు చింపబోతే ఆపారు.

"ముందే చదివినవాళ్లకు తెలిసేదెట్లా? ఉండనీ. పేరు కనబడడం వేరు, మనం పొమ్మనడం వేరు."

వారం రోజులు కూర్చుని ప్రతి చీటీ కింద ఎర్ర పెన్సిలుతో రాశారు: 'మేము ఇక్కడికి పంపడం లేదు.' ఆ తర్వాత ఆ నందవరం ఆమె సంతకు వచ్చి గ్రంథాలయంలోకి ఎప్పుడు తొంగిచూసినా, సారు కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

మొన్న గోడ దగ్గర ఒకాయన నన్ను అడిగాడు: "సారు ఫొటో ఉండాది గదక్కా, మంచి మందే అయ్యుంటాది. పోయి సూపించుకుందునా?"

"వద్దన్నా" అన్నాను. నా గొంతు ఆయన ఒక్కడికే వినబడింది. గ్రంథాలయానికి వెళ్లి, సారు బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్సిలు అడిగి తెచ్చుకున్నాను. ఊళ్లో ఎన్ని గోడల మీద ఆ కాగితం ఉందో అన్నిటి మీదా సారు రాసిన ఆ మాటే రాశాను.

నిన్న వాన కురిసింది. ఫొటోలో సారు ముఖం సగం వెలిసింది. ఎర్ర అక్షరాలు పోలేదు. ఒక ముసలాయన గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు.