పన్నెండో శ్లోకం దగ్గర మద్దిచెట్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గానీ దాని మాట ఎవరూ వినేవారు కాదు. జగ్గయ్యపేటలో మా పెద్దమ్మ (అమ్మకి అక్క, మా పారాయణ మండలికి పెద్ద, ఎదురింటి కుక్కతో సహా వీధి మొత్తానికి భయం) సహస్రనామానికి అరచేత్తో తాళం వేస్తే ఆ తాళం వెంట్రుకవాసి ముందుకి గానీ వెనక్కి గానీ జరిగేది కాదు. నూట ఎనిమిది శ్లోకాలకీ ఎప్పుడు చదివినా అంతే సమయం పట్టేది. అందుకని మండలిలో పెరిగిన పిల్లలం అన్నిటినీ శ్లోకాలతోనే కొలిచేవాళ్ళం. పాలు పొంగడానికి పద్దెనిమిది శ్లోకాలు. తలంటుకున్న జుట్టు ఆరడానికి రెండు పారాయణాలు. నందిగామ బడిలో టీచరుగా చేరిన కొత్తలో తోటి టీచర్లు "ఇంటికెళ్ళడానికి ఎంతసేపు పడుతుందండీ" అని అడిగితే, "పారాయణంన్నర అండీ, చిల్లకల్లు దగ్గర బస్సు ఆగితే ఇంకో ముప్పై శ్లోకాలు" అని చెప్పి, వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియక నేనూ నవ్వేదాన్ని. ఆ లెక్క మీద ఉన్న నమ్మకంతోనే, ఇరవై మూడేళ్ళ వయసులో, పదిమంది పెద్దవాళ్ళని పట్టపగలు అడవిలో దారి తప్పించాను.

అప్పటికి పెద్దమ్మ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. విజయవాడ డాక్టరు ఆపరేషనుకి గురువారం రమ్మంటే ఆవిడ ససేమిరా అంది. రెడ్డిగూడెం అవతల కొండల్లో, అడవి లోపల ఒక బండ మీద నరసింహస్వామి పాదాలున్నాయి. నడిచి వస్తానని పెళ్ళయిన కొత్తలో మొక్కుకుందట. పిల్లలు, పురుళ్ళు, అత్తగారి మంచం, ఇలా ఏదో ఒకటి అడ్డం వచ్చి యాభై ఏళ్ళు గడిచిపోయాయి. "వేదాద్రి గుడికి వెళ్ళినప్పుడల్లా స్వామి నా మొహం చూసి, ఇంకా రాలేదేం అని అడుగుతున్నట్టే ఉంటుందే. ముందు ఆయనిచ్చిన మోకాళ్ళతో వెళ్ళి కనబడి వస్తా. డాక్టరిచ్చే మోకాళ్ళ సంగతి ఆ తర్వాత" అంది. డాక్టరేమో చదునైన దారిలో నెమ్మదిగా అయితే ఫరవాలేదు, గుట్టలెక్కితే మాత్రం నా దగ్గరికి రావద్దు అన్నాడు. మా అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "మొక్కు తీరకపోతే ఆవిడ ఆపరేషను చేయించుకోదు, చేయించుకోకపోతే ఎండాకాలానికల్లా మంచాన పడుతుంది. నీకు ఆదివారాలు సెలవే కదా, వెళ్ళి సులువైన దారేదో చూసి రా" అని నా మీద పెట్టింది.

వెళ్ళాను. ఆ కొండల కింద ఊళ్ళో మేకలు కాసే ఒక అవ్వ (నోట్లో చుట్ట, భుజాన కర్ర, వయసెంతో ఆవిడకే తెలియదు) నన్ను దారి పొడుగునా తీసుకెళ్ళింది. అంత అందమైన దారిని నేనప్పటిదాకా చూడలేదు. రెండు కొండల మధ్యనుంచి బండి నడిచేంత వెడల్పుగా, ఎక్కడా ఎత్తూ పల్లం లేకుండా, తునికి చెట్ల నీడలో పోతుంది. మాఘమాసం కావడంతో మోదుగులు విరగబూసి ఉన్నాయి. "సులువైన దారే అమ్మా, చూలాలు కూడా నడుస్తది" అంది అవ్వ. నేను మాత్రం అందం చూడ్డానికి వెళ్ళలేదు. పెద్దమ్మ తాళంలోనే పారాయణం చేసుకుంటూ, వెళ్ళేటప్పుడు ఏ శ్లోకం దగ్గర ఏం వచ్చిందో గుర్తుపెట్టుకుని, పాదాల దగ్గర కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. పన్నెండో శ్లోకం: మద్దిచెట్టు, కుడికి తిరగాలి. ముప్పై ఒకటి: చీలమండలోతు వాగు, దాటాలి. నలభై ఏడు: జంట బండలు, మధ్యలోంచి. నూట ఎనిమిది: స్వామి పాదాలు. చివరి శ్లోకానికి సరిగ్గా పాదాలు రావడంతో నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇది స్వామి సంకల్పం కాకపోతే మరేమిటి అనుకున్నాను. అవ్వ, "మీ వాళ్ళొచ్చే నాడు నేనూ రానా" అని అడిగితే, "అక్కర్లేదవ్వా, మా దగ్గర శ్లోకాలున్నాయి" అన్నాను. ఆవిడ చుట్ట తీసి నన్నొకసారి చూసి మళ్ళీ పెట్టుకుంది. ఆ చూపుకి అర్థం నాకు వారం తర్వాత తెలిసింది.

ఆ వచ్చే ఆదివారం వ్యానులో పదకొండు మందిమి బయల్దేరాం. నా కాగితాన్ని ప్లాస్టిక్ అట్టలో వేయించి పోస్టు బాబాయికి ఇచ్చాను. ఆయన రిటైరైన పోస్ట్‌మాన్, పేటలో ఆయనకి తెలియని గుమ్మం లేదు. ఫలశ్రుతి పిన్ని (ఏ పారాయణానికైనా సరిగ్గా ఫలశ్రుతి వేళకి, ప్రసాదానికి కాస్త ముందుగా వస్తుందని ఆ పేరు) రెండు రోజులు కూర్చుని కట్టిన తులసిమాల తెచ్చింది. కొండ మొదట్లో పెద్దమ్మ చేతికర్ర నేలకి తాటించి, "చూడండి, మొదలుపెట్టాక మధ్యలో మాటలొద్దు. తప్పు పడితే మళ్ళీ మొదటికే" అంది. మా మండలి పుట్టినప్పట్నుంచీ ఉన్న కట్టుబాటే అది. పారాయణం మధ్యలో మాట్లాడితే ఆ పారాయణం లెక్కలోకి రాదు. ఒకసారి పక్కింట్లో గ్యాసు వాసన వస్తుంటే కూడా మేము ఫలశ్రుతి అయ్యాకే చెప్పాం.

అందరం గొంతు కలిపి నడక మొదలుపెట్టాం. తాళం ఎప్పటిలాగే సాగుతోంది. నడక మాత్రం పెద్దమ్మ మోకాళ్ళ ప్రకారం సాగుతోంది. ఒక అడుగు, కర్ర, నిట్టూర్పు, ఇంకో అడుగు. పన్నెండో శ్లోకం రానే వచ్చింది. మద్దిచెట్టు రాలేదు. కనుచూపు మేరలో మద్దిచెట్టన్నదే లేదు. వారం క్రితం నడిచినవి ఇరవై మూడేళ్ళ కాళ్ళు, ఇప్పుడు నడుస్తున్నవి అరవై ఎనిమిదేళ్ళ కాళ్ళు. ఈ సంగతి ఆ క్షణం వరకూ నా బుర్రకి తట్టనే లేదు. నోరు తెరిచి చెబుదామంటే నోటినిండా పదమూడో శ్లోకం ఉంది. పోస్టు బాబాయి అట్ట చూసుకుని, ట్రాఫిక్ పోలీసులా కుడిచెయ్యి చాచాడు. కుడివైపు ఒక సన్నటి మేకలబాట ఉంది. పదిమందీ అటు తిరిగారు. నేను కళ్ళతో, కనుబొమలతో, తల అడ్డంగా ఊపి బాబాయికి చెప్పబోయాను. ఆయన భక్తి పారవశ్యం అనుకుని తనూ తల ఊపాడు.

ముప్పై ఒకటి దగ్గర బాబాయి చెయ్యి పైకెత్తి ఆపి, నేలకేసి చూపించాడు. అక్కడ వాగు లేదు, వాగు గుర్తు కూడా లేదు, ఎండుటాకులున్నాయి. ఫలశ్రుతి పిన్ని ఒక్క క్షణం చూసి, చీర కుచ్చెళ్ళు చీలమండల పైకెత్తి, జాగ్రత్తగా, జారకుండా, లేని వాగుని దాటింది. ఆమె వెనక మిగతావాళ్ళూ కుచ్చెళ్ళెత్తారు. బాబాయి పంచె ఎగ్గట్టి, ఇవతలి గట్టు నుంచి పెద్దమ్మకి చెయ్యందించాడు. నేను నిర్ఘాంతపోయి చూస్తూ, చూస్తూనే, నా చీర కూడా కొంచెం ఎత్తాను. ఎందుకెత్తానో ఇప్పటికీ చెప్పలేను. జంట బండల దగ్గర ఒకటే రాయి ఉంటే ఆ రాయికీ ఒక ముళ్ళపొదకీ మధ్యలోంచి అందరం ఒక్కొక్కరుగా పక్కకి తిరిగి దూరాం. నూట ఎనిమిదో శ్లోకం పూర్తయింది. అందరూ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఫలశ్రుతి కూడా చదివి, కళ్ళు తెరిచారు.

ఎదురుగా మేకల దొడ్డి. ముళ్ళకంచె, పెంటకుప్ప, దగ్గర దగ్గర నలభై మేకలు. అందులో ఒక పోతు కంచె మీదుగా మెడ చాచి పిన్ని బుట్టలోంచి తులసిమాలని నెమ్మదిగా, చివర్నుంచి మొదటికి, నములుతోంది. పారాయణం అయిపోయినా ఎవరి నోటా మాట రాలేదు. పెద్దమ్మ అక్కడే రాయి మీద కూలబడింది. మోకాలు పొంగడం చీర పైనుంచే కనబడుతోంది.

"పెద్దమ్మా, దారి తప్పాం" అన్నాను. "పన్నెండో శ్లోకం దగ్గరే తప్పాం."

"పన్నెండు దగ్గర తెలిస్తే నూట ఎనిమిది దాకా నోరు మూసుకుని ఎందుకొచ్చావే?"

"మధ్యలో మాట్లాడకూడదు కదా."

"నాకు వాగు దగ్గరే అనుమానం వచ్చిందమ్మాయ్" అన్నాడు బాబాయి.

"మరి పంచెందుకు ఎగ్గట్టారండీ?" అంది పిన్ని.

"నువ్వు కుచ్చెళ్ళెత్తావు కదమ్మా, నీకేమన్నా కనబడుతోందేమో అనుకున్నా."

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ మోకాలు రుద్దుకుంటూ కాసేపు మేకల్ని చూసింది. "నేను పొద్దున వస్తూనే వ్యాను డ్రైవర్ని అడిగి తెలుసుకున్నా, దారిలో ఎక్కడా ముళ్ళపొదలుండవన్నాడు. నాకూ తెలుసు" అంది. "మరి చెప్పలేదేం పెద్దమ్మా?" అన్నాను. "కట్టుబాటు పెట్టిందే నేను కదే" అంది.

అప్పుడే దొడ్డి వెనకనుంచి చుట్ట పొగ, దాని వెనక అవ్వ వచ్చారు. "ఏందమ్మా, నా దొడ్లో భజన పెట్టారు" అంది. పిన్నికి మళ్ళీ మాల గుర్తొచ్చింది. "నీ మేక మా స్వామి మాల తినేసింది" అంది ఏడుపు గొంతుతో. "తులసే కదా తల్లీ, నాల్రోజుల నించి దగ్గుతా ఉంది, తగ్గుద్దిలే" అంది అవ్వ. పెద్దమ్మకి కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం అవ్వ మొహంకేసి చూసి, "పాదాలు ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగింది, ఎంతో చిన్న గొంతుతో.

"సుట్టన్నర దూరం."

"నా మోకాళ్ళకా, నీ మోకాళ్ళకా?"

"సుట్టకి మోకాళ్ళతో పనేముందమ్మా. నువ్వు కూకుంటే ఆర్పేస్తా, లేస్తే ముట్టిస్తా. నువ్వెంతసేపు నడిచినా సుట్టన్నరే."

పెద్దమ్మ కర్ర పట్టుకుని లేచి, మళ్ళీ మొదటి శ్లోకం అందుకుంది. అవ్వ ఆవిడ పక్కన, మేము వెనక. మేకలబాట వదిలి మద్దిచెట్టు దగ్గరికొచ్చాక ఆవిడ మోకాలు మొరాయించింది. ఆవిడ ఆగింది. ఆవిడతోపాటు, నా జన్మలో మొదటిసారి, తాళం ఆగింది. "అవ్వా, కాస్త ఆగు" అంది పెద్దమ్మ, పారాయణం మధ్యలో, పైకి, అందరికీ వినబడేలా. మేం పదిమందిమి పిడుగు పడ్డట్టు నిలబడిపోయాం. ఆవిడ మా మొహాలు చూసి, "స్వామికి నేనెక్కడ ఆపానో తెలియదనుకున్నారా? అక్కడ్నుంచే అందుకుంటా" అంది. అవ్వ చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది. అలా పద్నాలుగుసార్లు ఆగాం. ఆగినప్పుడల్లా పెద్దమ్మ అవ్వతో మేకల పేర్లు, కోడళ్ళ గుణాలు మాట్లాడింది. పాదాలు రెండో పారాయణంలో తొంభై ఒకటో శ్లోకానికి వచ్చాయి. మిగతా పదిహేడూ ఆవిడ బండ మీద కూర్చుని, వేళ్ళతో ఆ పాదాల గుర్తుల్ని తడుముతూ చదివింది. మాల లేదు. పిన్ని మోదుగపూలు ఏరి తెచ్చి పెట్టింది.

ఆ వచ్చే గురువారం ఆపరేషను జరిగింది. వారానికల్లా ఆస్పత్రి వరండాలో నడిపిస్తుంటే, నర్సు "ఎంత దూరం నడిచారమ్మా" అని అడిగిందట. పెద్దమ్మ "పావు చుట్ట" అందట.

ఆవిడ వెళ్ళిపోయి చాలా కాలమైంది. అవ్వా లేదు. మొన్న మాఘంలో మా బడి పిల్లల్ని ఆ దారికి తీసుకెళ్ళాను. వాళ్ళు ముందు పరిగెడుతుంటే నేను వెనక నాలో నేను పారాయణం అందుకున్నాను, అదే తాళంలో. పన్నెండో శ్లోకం వచ్చింది. మద్దిచెట్టు రాలేదు. పదమూడు, పద్నాలుగు. ఎవరైనా కొట్టేశారేమోనని గాభరాపడ్డాను. చెట్టు ఎక్కడుండేదో అక్కడే ఉంది, పదిహేడో శ్లోకం దగ్గర. నలభై అయిదేళ్ళ దాన్ని దాని కింద నిలబడి ఎడమ మోకాలు రుద్దుకుంటుంటే, వీపు నిటారుగా పెట్టి, చేత్తో కాగితం పట్టుకుని, అవ్వని అక్కర్లేదన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. పిల్లలు "టీచర్, రండి" అని పిలుస్తున్నారు. "కాస్త ఆగండర్రా" అన్నాను, శ్లోకం మధ్యలోనే.