నీలం మడ్‌గార్డు

పగటి భోజనమై కుర్చీలో కునుకు తీయబోతుంటే నా మనవరాలు ఫోను చేతికిచ్చి, "తాతా, గిది మన సూర్యాపేటనేనా, చూసి చెప్పు" అంది.

సాగర్ కాలవల పని చూడడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఎవరో, హైదరాబాదు నుంచి విజయవాడకు పోతూ కారు ముందు సీట్లో కూర్చుని తీసిన చిన్న సినిమా అది. శబ్దం లేదు. ఆయన పోయాక పిల్లలకు పాత పెట్టెలో ఆ రీళ్లు దొరికాయట. నెట్‌లో అందరూ చూసేలా పెట్టారట. అంతా రంగుల్లో ఉంది.

ముందు రంగులే చూశాను. మా ఇంట్లో ఆ రోజుల ఫోటోలన్నీ నలుపూ తెలుపే. వాటిని చూసి చూసి, ఆ ఏళ్లు కూడా నలుపూ తెలుపుల్లోనే గడిచాయని నా మనసు ఎప్పుడో ఒప్పేసుకుంది. ఇందులో బస్సు పండుమిరపకాయలా ఎర్రగా ఉంది. లారీల నుదుళ్ల మీద పసుపుపచ్చ తామరపూలున్నాయి. రిక్షా టాపులు కొన్ని ఆకుపచ్చ, కొన్ని నీలం. ధాన్యం బండి మీద నిలబడ్డ మనిషి రుమాలు గులాబీ రంగు. పెట్రోలు బంకు ముందు నల్ల కారు ఒకటి అద్దంలా మెరుస్తూ నిలబడి ఉంది, దాని మీద కాకి.

"సూర్యాపేటనే" అన్నాను. "గదిగో, ఆ మూల మీద రేకులు కనపడుతున్నయి చూడు, అదే మన దుకాణం."

అంతలో తెర మీదికి ఒక తెల్ల అంబాసిడర్ వచ్చింది. ఎదురుగా ఆగి ఉంది. దాని ఎడమ ముందు మడ్‌గార్డు నీలం.

అది మా కారు. అది ఎందుకు నీలమో ఆ క్షణానికి ఈ భూమ్మీద తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. యాభై ఏళ్లకు పైగా నేను ఒక మనిషి కాలు పోగొట్టానన్న నమ్మకంతో బతికాను. మా నాయినకు చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది ధాన్యం వ్యాపారం. సాగర్ నీళ్లొచ్చిన కొత్తలో మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, మిల్లులు లేచాయి. మేం సూర్యాపేట చుట్టుపక్కల రైతుల కళ్లాల మీద ధాన్యం చూసి, ఒక్కో రాశి నుంచి పిడికెడు గుడ్డలో మూటగట్టి మిల్లుకు తీసుకుపోయేవాళ్లం. దాన్ని మచ్చు అంటారు. మిల్లు గుమస్తా ఆ గింజలు అరచేతిలో నలిపి, రెండు కొరికి చూసి, అవుననో కాదనో అనేవాడు. పొద్దున ఎవరి మచ్చు ముందు చేరితే వాళ్ల సరుకు ముందు దిగేది. అందుకని నాయిన ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. నడిపేది నేను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు.

ఆ దారిలో నాయినకు ఒక నియమం ఉండేది. గొర్రెల మంద ఎదురొస్తే కారు ఆపించి, ఇంజను బందు చేయించి, తను కిందికి దిగేవాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, పెద్దమనిషి ఎదురైనప్పుడు నిలబడ్డట్టు పక్కకు నిలబడేవాడు. చివరి గొర్రె దాటేదాకా ఎక్కేవాడు కాదు.

"మంద ఎదురొచ్చుడంటే లక్ష్మి ఎదురొచ్చినట్టురా" అనేవాడు.

"ఆ లక్ష్మి దాటేలోపల అవతలోని మచ్చు మిల్లుకు చేరుతది నాయినా."

"చేరనియ్. మనకు తొందరుంటది, వాటికుండది. తొందర లేనోళ్లదేరా తొవ్వ."

నేను స్నేహితుల దగ్గర ఆయన తువ్వాలు తీసే తీరు అభినయించి నవ్వించేవాణ్ని.

ఆ వేసవిలో ఒక పొద్దున నాయినకు జ్వరం. మచ్చు మూటలు పక్క సీట్లో పెట్టుకుని ఒక్కణ్నే బయలుదేరాను. పెన్‌పహాడ్ దాటాక ఎడమ పక్క చేలలోంచి ఒక మంద రోడ్డెక్కుతోంది. ముందు పొట్టేలు. దానికి ఒకటే కొమ్ము, మెడలో గంట. అది రోడ్డు దాటేసింది. వెనకాల మంద ఇంకా ఇవతల గట్టు మీదే ఉంది. మధ్యలో కారు పట్టేంత ఖాళీ కనిపించింది. హారన్ కొడితే మిగతావి ఆగుతాయనుకున్నాను. దుకాణంలో గద్దె మీద పెరిగినవాడి తెలివి అది. పొట్టేలు దాటాక మంద ఆగదని, ఎదురుగా చక్రం ఉన్నా మంట ఉన్నా దాని వెనకే దూకుతుందని గొర్రెల వెంట ఒక్క పూట తిరిగిన పిల్లవాడికైనా తెలుసు. నాయినకు తెలుసు. అందుకే ఆయన ఇంజను కూడా ఆపించేవాడు.

అవి దూకాయి. వాటిని ఆపడానికి కాపరి వాటికంటే ముందు దూకాడు. ఒక్క క్షణం అతను నా అద్దం నిండా కనిపించాడు. పొడుగాటి ముఖం, నల్ల గొంగడి, దాని అంచుకు చిలకపచ్చ గుడ్డతో వేసిన పెద్ద అతుకు. తర్వాత ఎడమ పక్క నుంచి చప్పుడు.

ఆపాను. లేదు, ఆపాననడం అబద్ధం. కారు నెమ్మదించింది, అంతే. అద్దంలో వెనక్కి చూశాను. అతను రోడ్డు మీద కూర్చుని రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉన్నాడు. చేలలోంచి ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొస్తున్నారు. "ఓ సేటూ! ఆగు! ఆగవయ్యా!" అన్న కేక వినపడింది. నేను ఆగలేదు.

ఆ రోజు మా మచ్చే మిల్లుకు మొదట చేరింది.

తిరుగుదారిలో పెన్‌పహాడ్ మీదుగా రావడానికి కాళ్లాడలేదు. హుజూర్‌నగర్ మీదుగా చుట్టు తిరిగి కోదాడ పోయాను. మడ్‌గార్డు సొట్టపడి టైరుకు రాసుకుంటోంది. అక్కడ రోడ్డు పక్క షెడ్డులో ఒక మెకానిక్ చూశాడు.

"తెల్లదైతే రెండు రోజులు పడుద్దండీ, బెజవాడ నుంచి రావాలి. పాత బండిది నీలంది ఉంది. వేసెయ్యమంటారా?"

"ఎయ్."

"దేనికి తగిలిందండీ?"

"చెట్టుకు."

అతను వంగి, రేకు మడతలో ఇరుక్కున్నదేదో రెండు వేళ్లతో లాగి నాకు చూపించాడు. నల్ల ఉన్ని పోగు.

"మీ వైపు చెట్లకి ఉన్ని కాస్తదాండీ?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అతను కూడా నవ్వు ఆపి పనిలో పడ్డాడు.

ఇంట్లో మరో అబద్ధం. ఎవడో లారీవాడు గీకిపోయాడని చెప్పాను. జ్వరం తగ్గీ తగ్గకుండానే నాయిన లారీల అడ్డా దగ్గరికి పోయి, వారం రోజులు కనపడ్డ డ్రైవరునల్లా నిలదీశాడు. "మావోని బండి గీకింది నువ్వేనా?" అని ఆయన అడుగుతుంటే, ఏ పాపం తెలియని మనుషులు ఒట్లు వేస్తుంటే, నేను పక్కనే నిలబడ్డాను.

రంగు దసరాకు వేయిద్దామన్నాడు నాయిన. దాంతో ఆ వేసవి, ఆ వానాకాలం మా కారు అట్లాగే తిరిగింది. రిక్షావాళ్లకు అదొక వేడుక.

"ఏం సేటూ, మీ కారు ఒక్క కాలుకే చెప్పు తొడిగింది?"

"రెండో చెప్పు ఏడ పాయె సేటూ?"

అందరూ నవ్వేవారు. కాలు అన్న మాట వినపడగానే నేను గేరు మార్చి కారు ముందుకు పోనిచ్చేవాణ్ని.

ఒక్కసారి ధైర్యం చేశాను. అది జరిగిన పది పదిహేను రోజులకు బస్సులో పెన్‌పహాడ్ పోయి దిగాను. అతనెవరో కనుక్కుందామని, దవాఖానకు తీసుకుపోదామని. ముందు టీ హోటల్లో కూర్చున్నాను. వెనక బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఇగ మంద ఎనక నడ్సుడు ఖతమేనంట. కాలు అక్కెరకు రాదన్నరంట."

"అయ్యో! ఎవలకే?" అన్నాడు రెండోవాడు.

ఆ జవాబు కోసమే నేను అంత దూరం పోయాను. జవాబు వినకుండానే లేచి వచ్చేశాను. టీ గ్లాసు సగమే ఖాళీ అయింది. వచ్చిన బస్సు ఎక్కాను. ఆ మాట ఎవరి గురించో ఈరోజుకీ నాకు తెలియదు. కానీ అతని గురించేనని ఆ బస్సులోనే తీర్మానించుకున్నాను. తెలుసుకోవడం కంటే తీర్మానించుకోవడం తేలికైంది. తెలుసుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వచ్చేది.

అప్పటి నుంచి మంద కనపడితే ఫర్లాంగు దూరంలోనే కారు ఆపేవాణ్ని. నాయిన సంబరపడ్డాడు. "ఇప్పుడు బుద్ధొచ్చింది నీకు" అన్నాడు. ఆయన దిగేవాడు. నేను దిగేవాణ్ని కాదు. నల్ల గొంగడి కనపడితే చాలు, తల దించుకుని స్టీరింగు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగేవాణ్ని. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. కార్లు మారాయి, రోడ్డు వెడల్పయింది, నేను వంగుతూనే ఉన్నాను.

మళ్లీ ఆ ఫోను దగ్గరికి వస్తాను.

తెర మీద మా కారు ఆగి ఉంది. ఎందుకు ఆగిందో తర్వాత కనిపించింది. బజారు మధ్యలోంచి గొర్రెల మంద దాటుతోంది. రోడ్డు తడిసి ఉంది, వానలు పడ్డాయన్న మాట. ముందు పొట్టేలు, ఒంటి కొమ్ముది. దాని వెనక గొర్రెలు, నడుముల మీద ఎర్రటి జాజు గుర్తులు. మంద పక్కన ఒక పొడుగాటి మనిషి. భుజాన నల్ల గొంగడి, అంచుకు చిలకపచ్చ అతుకు.

నడుస్తున్నాడు.

ఒక గొర్రెపిల్ల రిక్షా చక్రాల కిందికి దూరబోతే అతను రెండంగల్లో ఎగిరి దాని మెడ అందుకున్నాడు. దాన్ని చంకన పెట్టుకుని మా కారు ముందుకొచ్చాడు. నీలం మడ్‌గార్డు చూసి ఆగాడు. చేతికర్రతో దాని మీద రెండుసార్లు కొట్టి, లోపలికి చూసి ఏదో అన్నాడు. నవ్వుతున్నాడు. తర్వాత మంద వెనక పోయాడు.

కారు లోపల, అద్దం వెనక, స్టీరింగు మీదికి వంగిన ఒక తల కనిపించింది. పాపిడి నాదే. ఆ తల ఒక్కసారి కూడా పైకి లేవలేదు. ఆ తట్టడం నాకు గుర్తే లేదు, రిక్షావాళ్ల వేళాకోళమే అనుకుని ఉంటాను.

"మళ్లీ పెట్టు" అన్నాను.

ఎన్నిసార్లు పెట్టించానో లెక్కలేదు. ఒకసారి కొంచెం కుంటాడనిపించింది. ఇంకోసారి చూస్తే అది నడకలో ఊపే తప్ప కుంటు కాదనిపించింది. పిల్ల కోసం ఎగిరింది మాత్రం ప్రతిసారీ ఎగిరినట్టే ఉంది.

"తాతా, ఏడుస్తున్నవా?" అంది మనవరాలు.

అప్పుడు చెప్పాను, మొదటి నుంచీ. అది అంతా విని, ఆఖరికి అడిగింది: "అయితే ఇది ఆ దెబ్బ తగలకముందు తీసింది కావచ్చు గదా?"

"అప్పుడు మడ్‌గార్డు తెల్లగుండాలె బిడ్డా."

అది ఇంకోసారి చూసి తలూపింది. రంగుల సినిమా కాకపోయుంటే ఆ నీలం బూడిద రంగులో కలిసిపోయేది, చిలకపచ్చ అతుకు నల్ల గొంగడిలో మునిగిపోయేది. నేను నా నమ్మకంతోనే పోయేవాణ్ని.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అంత నిద్ర ఎప్పుడు పోయానో గుర్తులేదు. పొద్దున లేచాక సిగ్గు వేసింది కూడా. అతను బాగుపడ్డది నా వల్ల కాదు. ఎవరు కట్టు కట్టారో, ఎన్నాళ్లు మంచం మీద ఉన్నాడో, అన్నాళ్లు మందను ఎవరు కాశారో నాకు తెలియదు. వదిలేసి పోయినవాణ్ని నేను వదిలేసి పోయినవాణ్నే. కానీ ఒక మనిషి జీవితాంతం మంచాన పడి ఉన్నాడని రోజూ ఊహించుకున్న బరువు మాత్రం దిగింది. అది ఆ బజారులోనే దిగాల్సింది. అతను నా ముందుకొచ్చి కర్రతో తలుపు తట్టినట్టు తట్టాడు. నేను తలెత్తితే సరిపోయేది.

పోయిన నెల మిర్యాలగూడలో ఒక పెళ్లికి పోతుంటే మనవరాలు కారు నడుపుతోంది. పెన్‌పహాడ్ దాటాక మంద ఎదురైంది. అది నన్ను అడగకుండానే ఆపి, ఇంజను బందు చేసింది. నేను తలుపు తీసుకుని దిగాను. మోకాళ్ల నొప్పులతో దిగడానికి కొంత సేపు పట్టింది. భుజం మీద తువ్వాలు లేదు, పెళ్లికి కట్టుకున్న ఉత్తరీయం ఉంది. అదే తీసి చేత్తో పట్టుకున్నాను.

కాపరి నడివయసువాడు. చెవిలో ఫోను తీగలు, భుజాన గొంగడి. నా వంక వింతగా చూశాడు.

"ఏం పెద్దమనిషీ, పొట్టేలు గావాల్నా?"

"వద్దయ్యా. ఊకెనే చూస్తున్న."

"సూడు మరి" అన్నాడు అతను, గొర్రెపిల్లలను అదిలిస్తూ. "సూస్తే ఏమైతది!"

చివరి గొర్రె దాటేదాకా చూశాను.