టెక్కలి నుంచి భావనపాడుకు, నాలుగు చక్రాల చెక్క మీద

గత ఏడాది నా ఎడమ మణికట్టు విరిగింది. విజయనగరంలో మా కాలనీ వెనక పల్లంలో స్కేట్‌బోర్డు మీద దిగుతుంటే ఒక చిన్న రాయి చక్రం కింద పడింది, నేను రోడ్డు మీద పడ్డాను. పిల్లలకు వయొలిన్ నేర్పి బతికేదాన్ని నేను. తీగల మీద వేళ్లు నడవాల్సింది ఆ చేతితోనే. కట్టు విప్పి, వేళ్లు మళ్లీ దారిలోకొచ్చి, స్వరం సరిగ్గా పలికేసరికి చాలాకాలం పట్టింది. బోర్డు అటకెక్కింది. కానీ బస్సులో ఎక్కడికైనా వెళ్తున్నప్పుడు నున్నటి తారురోడ్డు కనిపిస్తే నా కుడికాలు దానంతటదే కదిలేది. ఈ చలికాలం ఒక పెళ్లికని భావనపాడు వైపు వెళ్లినప్పుడు టెక్కలి నుంచి సముద్రం దాకా ఉన్న రోడ్డు చూశాను. ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, దాదాపు అంతా చదును. ఇంటికి రాగానే అటక దగ్గరికి కుర్చీ జరిపాను.

మా ఆయన ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. టెక్కలిలో ఉండే వాళ్ల అక్క పార్వతి వదిన స్కూటీ మీద నా వెనకే రావాలి. ఆ షరతు వింటే నాకు సగం ఉత్సాహం చచ్చిపోయింది. చెయ్యి విరిగినప్పుడు పొలం పనులు వదిలేసి వచ్చి మా ఇంట్లో ఉండి, నాకు అన్నం కలిపి పెట్టింది ఆవిడే. ఫోన్ చేసి సంగతి చెప్పగానే నన్ను దులిపేసింది.

"నెల్లాళ్లు నీ జడ నానే ఏసినాను. మళ్లీ ఎయ్యమంటావేటి?"

మార్చి మొదటి వారంలో, శనివారం సాయంత్రం విజయనగరంలో పలాస వైపు వెళ్లే పాసింజరు ఎక్కి నౌపడలో దిగాను. టికెట్టు యాభై రూపాయల లోపే. బోర్డు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేదు. అక్కడి నుంచి టెక్కలికి షేర్ ఆటోలు దొరుకుతాయి. రాత్రి వదిన ఇంట్లో పడుకుని, తెల్లవారుజామున అయిదున్నరకు బయల్దేరాం. నాది మామూలు స్కేట్‌బోర్డు కంటే పొడవైనది, చక్రాలు పెద్దవి, మెత్తనివి. దూరాలకు అలాంటిదే కావాలి. ఒక కాలు చెక్క మీద ఉంచి రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోవడమే పని. తలకు హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు తొడుగులు, మణికట్లకు గట్టి పట్టీలు. వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది.

"యుద్దానికెల్తన్నావేటే?"

టెక్కలి దాటే వరకు వీధిదీపాల వెలుతురు, పాలవాళ్ల బళ్లు, వాకిళ్లు ఊడుస్తున్న చప్పుడు. ఇళ్లు పలచబడ్డాక వెనక నుంచి చల్లటి గాలి తగిలింది. ఏడాది తర్వాత చక్రాల కింద రోడ్డు పాడే ఆ సన్నటి చప్పుడు విన్నాను. నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వాను. వెనక స్కూటీ హారన్ మోగింది. "ముందు సూడు!" అని వదిన.

కాసేపటికి ఒక కాలువ వంతెన వచ్చింది. ఎక్కడం కష్టం కాలేదు. పైకి చేరి అవతలి పల్లం చూడగానే బోర్డు ఆపేశాను. మా కాలనీ పల్లంలో సగం కూడా ఉండదది. అయినా బోర్డు దిగి, చంకలో పెట్టుకుని, రోడ్డు వారగా నడిచి దిగాను. వదిన పక్కనే స్కూటీ నెమ్మదిగా నడుపుతూ "అదీ బుద్ది" అంది. భయపడి దిగినందుకు ఆవిడ మెచ్చుకునేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నౌపడ స్టేషన్ దగ్గర ఇడ్లీలూ బొంబాయి చట్నీ తిన్నాం, టీ తాగాం. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు. హోటలాయన గరిటె పట్టుకునే బయటికొచ్చి బోర్డును తిరగేసి చూశాడు.

"మోటారెక్కడున్నాదమ్మా?"

"లేదండీ, కాలితో తన్నడమే."

"అయితే నడిసెల్తే పోనేదా?"

వదిన టీ పొలమారేంతగా నవ్వింది. పొద్దుటి నుంచి ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

నౌపడ దాటాక రోడ్డుకు అటూ ఇటూ ఉప్పుమళ్లు. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు, వాటి మధ్య అద్దంలా నిలిచిన నీళ్లు, ఒంటికాలి మీద కొంగలు. ఈ దారిలో బోర్డు మీద పోవడానికి ఇంతకంటే మంచి ముక్క లేదు. వేగం పెరిగింది, ఊపిరి లయలో పడింది. అలా ఒక ఊరి మొదట్లోకి వచ్చేసరికి రోడ్డు సగం మేర మినుము పరిచి ఉంది. ఈ నెలల్లో ఇక్కడ అంతే, పీకిన మొక్కలను రోడ్డు మీద ఆరేస్తే వచ్చే పోయే బళ్లు తొక్కి గింజలు రాలుస్తాయి. నేను బోర్డు దిగి పక్క నుంచి నడవబోతుంటే పడమటి నుంచి నల్లటి మబ్బు ఊరి మీదికి వచ్చేసింది.

రోడ్డు మీద ఒక్కతే పెద్దావిడ ఉంది. పేరు అప్పలనరసమ్మ అని తర్వాత తెలిసింది. పొట్టు చెరిగి కుప్ప చేసిన గింజల ముందు నిలబడి ఊళ్లోకి అరుస్తోంది.

"ఓలమ్మ, సినుకులొచ్చేస్తన్నాయి! ఎవులైనా బేగి రండర్రా!"

వదిన స్కూటీకి స్టాండు వేసిందో లేదో కూడా చూడలేదు నేను. చీర కుచ్చిళ్లు ఎగదోపి, చేట అందుకుని గింజలు ఎత్తడం మొదలుపెట్టింది. "గోనె మూతి పట్టుకోయే, నిలబడిపోనావేటి!" అని నా మీద ఒక్క అరుపు. నేను సంచులు పట్టాను, పెద్దావిడ చీపురుతో ఊడ్చి కుప్ప చేసింది, వదిన నింపింది. సంచులు నిండాయి గానీ, ఇల్లు వీధి చివర ఉంది. వాటిని మోయడానికి మా ముగ్గురిలో ఎవరికీ నడుము చాలదు. బోర్డు తెచ్చి సంచి పక్కన పెట్టాను. వదిన నా ముఖం చూసింది, సంచి రెండో కొస పట్టుకుంది. సంచిని దాని మీదికి దొర్లించి, నేను ముందు వంగి పట్టుకుంటే ఆవిడ వెనక నుంచి తోసింది. చెక్క మూలిగింది గానీ కదిలింది. మళ్లీ వచ్చాం, మళ్లీ తోశాం. ఆఖరి సంచి అరుగెక్కుతుండగా వాన దబదబా పడింది.

తడిసిన జుట్లతో అరుగు మీద కూర్చున్నాం. అప్పలనరసమ్మ చోడంబలిలో, అంటే రాగిజావలో, మజ్జిగ పోసి, ఉల్లిపాయ పెట్టి ఇచ్చింది. రోడ్డు మీద మొక్కలు తడిసిపోతున్నా, గింజలు దక్కినందుకు ఆవిడ ముఖం తేటగా ఉంది. నా చేతి పట్టీల సంగతి అడిగింది. విరిగిన కథ చెప్పాను, వయొలిన్ సంగతీ చెప్పాను.

"సెయ్యి మీద బతికేదానివి. మరెందుకు తల్లీ మళ్లీ?"

వదిన తాగడం ఆపి నా వైపు చూసింది. ఆవిడ ఇన్నాళ్లూ తిట్టింది గానీ ఈ ప్రశ్న అడగలేదు.

"వయొలిన్ వాయిస్తున్నంతసేపూ ఎక్కడ తప్పు పడుతుందో అని వింటూ ఉంటానండీ. అది నా పని. దీని మీద ఉన్నప్పుడు తప్పులు వెతకను. ముందుకు పోతే చాలు, హాయిగా ఉంటుంది."

పెద్దావిడ తల ఊపింది. వదిన గిన్నె ఎత్తి అంబలి తాగేసింది.

వాన ఎంత హడావిడిగా వచ్చిందో అంతే హడావిడిగా పోయింది. తడిరోడ్డు మీద చక్రాలు జారతాయి కాబట్టి ఎండ కాసి రోడ్డు ఆరే వరకు ఆగాం. ఆలోగా చక్రాలు పొడిగుడ్డతో తుడుచుకున్నాను. మళ్లీ బయల్దేరేసరికి పది కావచ్చింది. గాలి అప్పటికి సముద్రం వైపు నుంచి తిరిగి ఎదురు కొడుతోంది, నాలుగు తన్నులకు రావాల్సిన దూరానికి పది తన్నులు పడుతున్నాయి. సరుగుడు తోటల మధ్య రోడ్డు కొంచెం ఎత్తెక్కి, భావనపాడు వైపు దిగుతోంది. మళ్లీ పల్లం. ఆగాను. వదిన కూడా ఆగింది. ఈసారి "దిగు" అనలేదు. "నీ ఇష్టం" అంది.

వెళ్లాను. మోకాళ్లు వంచి, గాలిని ముఖాన తీసుకుంటూ, అరుస్తూ వెళ్లాను. దిగువన రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక నాకు కనిపించేసరికి చక్రాలు అందులోకి వెళ్లిపోయాయి. బోర్డు ఆగింది, నేను ఆగలేదు. చేతులు ముందుకు చాపి పొట్ట మీద జారి ఆగాను.

వదిన పరుగున వచ్చింది. నన్ను కూర్చోబెట్టి ఎడమ పట్టీ విప్పింది. "ఏళ్లు ఆడించు. ఒక్కోటీ ఆడించు." చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. అన్నీ ఆడాయి. నొప్పి లేదు, గడ్డం మీద మాత్రం ఇసుక. సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది, మా ఆయన. ఇక ఈ బోర్డు ముఖం చూడనివ్వరని నాకు అర్థమైపోయింది. వదిన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, నా మణికట్టు ఇంకా తన చేతిలోనే ఉంచుకుని, తమ్ముడు అడిగినదానికి జవాబు చెప్పింది.

"ఆఁ, పడ్డాది. లెగిసింది కూడా. సముద్రం కాడికెల్తన్నాం, పెట్టేస్తన్నాను."

మిగిలిన కొద్ది దూరం నేను బోర్డు మీద, ఆవిడ పక్కన స్కూటీ మీద. అంతవరకు వెనకే వచ్చిన మనిషి అప్పుడు పక్కకొచ్చింది. భావనపాడులో పడవల నీడన కూర్చుని, ఊళ్లోనే వేయించి ఇచ్చిన చేపలు తిన్నాం. చెయ్యి విరిగిన దగ్గర్నుంచి నా భయం నాదొక్కదానిదే అనుకుంటూ వచ్చాను. నా జడ వేసిన మనిషికి కూడా అంత భయమూ ఉంటుందని, ఆ భయంతోనే ఆవిడ ఇరవై కిలోమీటర్లు సైకిలంత వేగంతో స్కూటీ నడిపిందని ఆ రోడ్డు మీదే తెలిసింది. తిరుగు ప్రయాణంలో బోర్డు స్కూటీ ముందు నిలబెట్టుకుని, నేను వెనక కూర్చుని, ఇద్దరం టెక్కలి దాకా పాటలు పాడుకుంటూ వచ్చాం. వదిన శ్రుతి ఎక్కడా కలవలేదు. నేనేమీ అనలేదు.

వెళ్లాలనుకునే వాళ్లకు ఒక్క మాట. ఈ దారిన వెలుగు రాకముందే బయల్దేరండి. పొద్దున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తూ మిమ్మల్ని వెనక నుంచి తోస్తుంది, ఎండెక్కాక అదే గాలి ఎదురు తిరుగుతుంది.