దున్నేసిన బంతిచేను

ఎస్.కోట మార్కెట్‌లో పూలు కొనేవాళ్లకు నూకయ్య తెలుసు. మా పక్క చేను ఆయనది, నాకు వరసకు మావ. అరవై సెంట్లలో బంతి వేసి, ఒక జత ఎడ్లతో బతికిన మనిషి. గట్టు మీద కలుపు కనబడితే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చినప్పుడు ఊరంతా సలహాలిచ్చారు. ఆయన మాత్రం, "సదువు మానీసినావు, సరే. గట్టుమీద కూకోడం కూడా మానీరా," అని పార చేతికిచ్చాడు.

రెండు వేల ఇరవై ఏప్రిల్‌లో బంతి విరగబూసింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి. గుళ్లు మూసేశారు. బుట్టలు ఎక్కించే కిరండూల్ పాసింజరు రైలూ లేదు. పూలు చెట్టు మీదే నల్లబడ్డాయి. ఇరవై రోజులు చూసి, ఒక పొద్దున్న మావ ఎడ్లు కట్టి చేనంతా దున్నేశాడు.

"ఉండనీ మావా, తొందరేటి?" అన్నాను.

"సచ్చిన పంట అలాగొగ్గేస్తే సూసినోళ్లు ఏటనుకుంటారు? ఈ సేనుకి మనిసి లేడనుకోరూ?"

పది రోజులకు కబురొచ్చింది. లాక్‌డౌన్‌లో పంట పోయినవాళ్లకు ప్రభుత్వం సాయం ఇస్తుందట. అది వస్తే మావ మళ్లీ నారు పోస్తాడు, ఎడ్లకు గడ్డి కొంటాడు. రాకపోతే ఎడ్లు అమ్మాల్సిందే. ఇంట్లో అమ్మడానికి ఇంకేమీ లేదు.

నష్టం రాసుకోడానికి వ్యవసాయ సహాయకురాలు రేఖ వచ్చింది. పాడైన పంటలో రైతును నిలబెట్టి ఫోటో తీయాలి, అదీ నిబంధన. మావ చేను అద్దంలా ఉంది.

"పంటేది బాబాయ్?"

"దున్నీసినానమ్మా."

"ఎందుకు దున్నీసినారు?"

మావ మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తవ్వాడు. కుళ్లిన కాడ ఒకటి, దాని చివర ముద్దయిపోయిన పువ్వు బయటికి తీశాడు.

"వాసన సూడమ్మా. బంతే."

రేఖ మాస్కు కిందికి దించి నిజంగానే వాసన చూసింది. తర్వాత ఫోటో తీసి మాకే చూపించింది. "మట్టే కనబడతంది బాబాయ్. పైవాళ్లు ఒప్పుకోరు."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఎవరి మీదో తెలియక మరీ ఎక్కువ వచ్చింది.

అవతలి చేను సత్యరాజుది. నెలరోజులుగా అటు తొంగి చూడలేదాయన. మోకాలెత్తు కలుపు, మధ్యలో ఎండిన బంతి. ఫోటో భేషుగ్గా వచ్చింది. సాయమూ వచ్చింది.

"బద్దకానికి డబ్బులిత్తారని తెలిస్తే నువ్వూ తొంగుందువు కదా బావా," అన్నాడు సత్యరాజు. నవ్వింది తనొక్కడే.

ఎడ్లను సంతకు తోలేరోజు నారాయణమ్మత్త వాటి కొమ్ములకు పసుపు రాయబోతే మావ ఆపాడు. "కొన్నోడు రాసుకుంటాడులే."

చేను ఇప్పుడు బీడు. మావ అరసవల్లిలో ఒక లాడ్జిలో గదులు తుడుస్తున్నాడు. మొన్న చూడ్డానికెళ్లాను. ఆదివారం దర్శనానికొచ్చినవాళ్లు వదిలేసిన బంతిదండల రేకులు గదంతా రాలి ఉన్నాయి. మావ మంచం కిందకు దూరి రేకు రేకూ ఏరుతున్నాడు.

"వొగ్గీ మావా. మంచం కింద ఎవుడు సూత్తాడు?"

ఆయన బయటికి రాలేదు.

"బాగోదురా," అన్నాడు.